జాబితాలకెక్కని మట్టి ఇళ్లు

ఉక్రెయిన్ పల్లెల్లో పాత ఇళ్ల వివరాలు రాసుకునేవాళ్లు లోపల అడుగుపెట్టగానే ముందు తల పైకెత్తి చూస్తారు. పైకప్పు బరువు మోసే నడిమి దూలాన్ని అక్కడ స్వోలక్ అంటారు. కట్టించిన యజమాని పేరు, కట్టిన ఏడు, పక్కన శిలువ గుర్తు దాని మీద చెక్కించడం చాలా ప్రాంతాల్లో ఆనవాయితీ. ఊరి రికార్డులు తగలబడినా, దస్తావేజులు దొరక్కపోయినా ఆ ఇంటి వయసెంతో దూలం చెబుతుంది. షెల్ పడి ఇల్లు అంటుకుంటే కప్పుతోపాటు ఆ దూలమూ బూడిదవుతుంది. మట్టి గోడలు మాత్రం ఇంకొన్నాళ్లు నిలబడతాయి. కప్పు లేని మట్టి గోడకు ఆయుష్షు తక్కువ. ఆకులు రాలే కాలపు వానలు, చలికాలపు మంచు, ఆ మంచు కరిగి కారే నీళ్లు కలిసి కొన్నేళ్లలోనే గోడను మళ్లీ నేలలో కలిపేస్తాయి. చివరికి ఆ స్థలంలో మిగిలేవి ఇటుక పొయ్యి, దాని పొగగొట్టం.

2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టినప్పటి నుంచి దెబ్బతిన్న సాంస్కృతిక కట్టడాలను యునెస్కో లెక్కపెడుతూ వస్తోంది. 2025 నాటికి ఆ లెక్క దాదాపు 500కు చేరింది. అందులో చర్చిలున్నాయి, మ్యూజియంలున్నాయి, గ్రంథాలయాలున్నాయి, చరిత్ర ఉన్న భవనాలూ స్మారకాలూ ఉన్నాయి. పేరూ ఊరూ లేని పల్లెటూరి ఇల్లు మాత్రం వాటి మధ్య వెతికినా కనపడటం కష్టం. యుద్ధకాలంలో సాంస్కృతిక సంపదను కాపాడాలని దేశాలు కుదుర్చుకున్న 1954 నాటి హేగ్ ఒప్పందం కూడా ‘గొప్ప ప్రాముఖ్యం’ ఉన్నవాటి గురించే మాట్లాడుతుంది. ముసలమ్మ ఒక్కతే ఉంటున్న మట్టి ఇంటికి ప్రాముఖ్యం ఉందని ముందుగా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా! రాసి లేనిది కూలితే, అది వారసత్వ సంపద నష్టం కిందికి రాదు. ‘ధ్వంసమైన నివాస గృహం’ అన్న అంకెలో ఒకటిగా కలిసిపోతుంది.

అందుకే ఇప్పుడు ఆ దేశంలో ఫొటోగ్రాఫర్లు, ఆర్కిటెక్టులు, పాత్రికేయులు, జానపద పరిశోధకులు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. కూలినవాటి లెక్క తీసేవాళ్లు వేరే ఉన్నారు. వీళ్ల పని ఇంకా నిలబడి ఉన్నవాటిని రాసిపెట్టడం. ఈ పని ఎంత కష్టమో, ఎందుకంత అవసరమో తెలియాలంటే ముందు ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూడాలి.

ఏటా కట్టుకునే ఇల్లు

ఉక్రెయిన్‌లో పల్లెటూరి ఇంటిని హాత అంటారు. పాత పద్ధతి హాతకు వరసగా మూడు భాగాలు. నడుమ సీనీ అనే ప్రవేశ గది. దానికి ఒక పక్క కాపురముండే గది, రెండో పక్క ధాన్యం, పనిముట్లు పెట్టుకునే కొమోరా. ఇంటి పొడుగు వైపు దక్షిణానికి తిరిగి ఉంటుంది. వీధి ఎటుందన్నది తర్వాతి మాట, ఎండ ఎటు నుంచి వస్తుందన్నదే ముందు. సంవత్సరంలో సగం చలిలో గడిపేవాళ్లకు కిటికీలోంచి వచ్చే ఎండే పెద్ద ఆస్తి. స్థలం ఎంచుకునేటప్పుడు నాలుగు మూలలా గుప్పెడు గింజలు పోసి, రాత్రంతా వదిలేసి, తెల్లారి చూసేవాళ్లు. కుప్పలు చెదరకుండా ఉంటే ఆ చోటు మంచిదని లెక్క.

కాపురపు గదిలో తలుపు పక్క మూల పీచ్ ఉంటుంది. వంటకూ, రొట్టె కాల్చడానికీ, గది వెచ్చబడటానికీ అదే పొయ్యి. దాని పైభాగం పిల్లలకూ ముసలివాళ్లకూ పడక. గదిలో పెద్ద భాగాన్ని అదే ఆక్రమిస్తుంది. దానికి ఎదురు మూల పోకుత్, అంటే దేవుడి మూల. పటాలు, వాటి మీద కుట్టుపని చేసిన రుష్నిక్ అనే పొడవాటి తువ్వాలు, కింద భోజనాల బల్ల. క్రిస్మస్‌కు కొత్త ధాన్యపు పనను నిలబెట్టేదీ, పెళ్లివాళ్లను కూర్చోబెట్టేదీ అక్కడే. పీచ్ నుంచి పోకుత్ వరకు గీత గీస్తే గదికి అడ్డంగా ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళుతుంది. ఆ ఇంట్లోని బతుకంతా ఆ గీతకు అటూ ఇటూ నడిచేది. ఎవరు ఎక్కడ పడుకోవాలి, అతిథి ఎక్కడ కూర్చోవాలి, శవాన్ని ఎక్కడ ఉంచాలి అన్నవన్నీ దాన్ని బట్టే నిర్ణయమయ్యేవి.

గోడలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఉత్తరాన పొలీస్సియా అడవుల్లో దుంగలు పేర్చి కడతారు. మధ్య ప్రాంతంలో కలప తక్కువ కాబట్టి గుంజలు పాతి, వాటి మధ్య తడికె అల్లి, రెండు వైపులా మట్టి మెత్తుతారు. దక్షిణాన స్టెప్పీ మైదానంలో చెట్టే అరుదు. అక్కడ సమన్ అనే పచ్చి ఇటుకలే గోడ, నదుల ఒడ్డున కోసిన రెల్లే కప్పు. మట్టి పనికి ఊరంతా ఒక రోజు కలిసేది. దీన్ని తొలోకా అంటారు. బంకమట్టి, గడ్డి, పశువుల పేడ కలిపి కాళ్లతోనో గుర్రాలతోనో తొక్కించి, పొద్దుగూకేలోపు గోడలన్నీ మెత్తేసేవాళ్లు. కూలి డబ్బులు ఉండవు. ఇంటివాళ్లు భోజనం పెడతారు. రేపు అవతలివాళ్ల ఇంటికి వీళ్లు వెళతారు.

మన పాఠకులకు వేరే వివరించక్కర్లేనిది ప్రిజ్బా. గోడ మొదట్లో చుట్టూ మట్టితో కట్టిన గట్టు అది, అచ్చం మన అరుగే. గోడ అడుగుకు తడి తగలకుండా, లోపలి వేడి బయటికి పోకుండా కాపాడటం దాని అసలు పని. సాయంత్రం పూట కూర్చుని పక్కింటివాళ్లతో మాట్లాడుకోవడానికి పనికొచ్చేదీ అదే. తెల్లటి గోడ కింద ఈ గట్టుకు జాజు రంగో, పసుపు మట్టో, కొన్ని చోట్ల నీలమో పూస్తారు. ఆ రంగు ఏదన్నదాన్ని బట్టి ఆ ఊరు ఏ ప్రాంతానిదో తెలిసినవాళ్లు పోల్చుకోగలరు.

ఈ మట్టి పనీ, పూత పనీ ఆడవాళ్లవి. ఈస్టర్‌కు ముందు, చలి మొదలవక ముందు, పగుళ్లు పూడ్చి, లోపలి నేల అలికి, గోడలకు తెల్లమట్టో సున్నమో వేయాల్సిందే. నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. రాతి కోట కట్టి వదిలేస్తే శతాబ్దాలు నిలుస్తుంది. హాత అలా కాదు. దాన్ని ఏటా కొంచెం కొంచెం మళ్లీ కట్టుకుంటూ ఉండాలి. చెయ్యి పడటం ఆగిన ఏడాది నుంచే అది కూలడం మొదలుపెడుతుంది. కాబట్టి దాన్ని నమోదు చేయడమంటే పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోవడంతో అయిపోదు. ఆ చేతులకు తెలిసిన పనిని కూడా రాసుకోవాలి. యుద్ధం ఆ ఇళ్ల మీద బాంబు వేయకపోయినా సరే, ఆ చేతులను ఊరు నుంచి తరిమేసింది.

గీసినవాళ్లు, రాసినవాళ్లు

ఈ పని ఇవాళ మొదలైంది కాదు. 1843లో తారస్ షెవ్‌చెంకో తన ఊరు కిరీలివ్‌కాకు తిరిగి వచ్చి, చిన్నతనంలో పెరిగిన తల్లిదండ్రుల ఇంటి బొమ్మ గీశాడు. భూస్వామి కింద బానిసగా పుట్టిన మనిషి. చిత్రకారుడిగా ఎదిగి 1838లో స్వేచ్ఛ పొందినవాడు. ఉక్రెయిన్ మహాకవిగా లోకం ఆయన్ని ఎరుగును. ఆ బొమ్మలో ఇల్లు వంగిపోయి ఉంటుంది, గడ్డి కప్పు అక్కడక్కడా చినిగి ఉంటుంది. అలంకారం ఏమీ లేదు. ఆ ఇల్లు తర్వాత లేకుండా పోయింది, బొమ్మ మిగిలింది. ఉక్రెయిన్ పేదవాడి ఇంటికి దొరికిన తొలి నమ్మకమైన సాక్ష్యాల్లో అదొకటని చెప్పొచ్చు. ఇంటిమీద ప్రేమా, కంటికి కనపడింది కనపడినట్టు గీసే క్రమశిక్షణా ఒకే చోట కలవడం అరుదు. నమోదు పనికి ఈ రెండూ కావాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్తెఫాన్ తరానుషెంకో అనే కళాచరిత్రకారుడు ఖార్కివ్‌లోని పాత హాతలను కొలిచి, గీసి, 1920ల మొదట్లో పుస్తకాలుగా వేశాడు. తర్వాత ఊరూరా తిరిగి కొయ్య చర్చిలను కొలిచాడు. 1933లో ఆయన్ను అరెస్టు చేశారు, శిబిరానికి పంపారు. ఆయన కొలిచిన చర్చిల్లో ఎన్నో ఆ దశాబ్దంలోనే నేలమట్టమయ్యాయి. ఆ కట్టడాల మీద ఆయన జీవితకాలపు గ్రంథం 1976లో వెలువడింది, ఆయన పోయిందీ ఆ ఏడాదే. ఆయన తరంవాడే దనీలో షెర్బకివ్‌స్కీ. పల్లెలు తిరిగి కీవ్ మ్యూజియం కోసం జానపద కళావస్తువులు పోగుచేసి, ఫొటోలు తీసినవాడు. అధికారుల వేధింపులు భరించలేక 1927లో నీపర్ నదిలో దూకి ప్రాణం తీసుకున్నాడు. పల్లెటూరి ఇంటి గురించి రాయడం ఎవరికి ప్రమాదం అనిపిస్తుంది? పల్లెకు తనదంటూ ఒక పద్ధతి, ఒక అందం ఉందన్న మాట వినడం ఇష్టం లేనివాళ్లకు. అందుకే ఆ తరం పరిశోధకులు ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు.

ఇళ్లను మింగినవి తుపాకులు మాత్రమే కాదు. 1930ల మొదట్లో భూములన్నీ సామూహిక క్షేత్రాల్లో కలిపేసినప్పుడు ‘కులక్’ (కలిగిన రైతు) అన్న ముద్ర పడినవాళ్ల ఇళ్లు లాక్కున్నారు. 1932-33 కరువులో లక్షల మంది ఆకలితో చనిపోయి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. ఆ తర్వాత నీపర్ మీద వరస ఆనకట్టలు. ఒక్క క్రెమెంచుక్ జలాశయం కిందే 1960 ప్రాంతంలో వందల ఊళ్లు మునిగాయి. అటు పిమ్మట గడ్డి కప్పు పోయి ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులొచ్చాయి. మట్టి గోడకు తెల్ల ఇటుక తొడుగు వేయించుకోవడం కలిగినతనానికి గుర్తు అయింది. గడ్డి కప్పు పోవడం వెనక ఒక చిన్న సాంకేతిక కారణం కూడా ఉంది. కప్పుకు వాడే రై గడ్డి పొడుగ్గా, విరగకుండా ఉండాలి. అందుకు కంకుల్ని చేత్తో కర్రలతో కొట్టి నూర్చాలి. కోత మిషన్ వచ్చాక గడ్డి నలిగి ముక్కలైపోయింది. పొట్టి రకాల విత్తనాలూ వచ్చాయి. కప్పు నేసేవాడు ఊళ్లో ఉన్నా, నేయడానికి గడ్డి లేదు.

ఇన్ని దెబ్బల మధ్యే మంచి పనీ జరిగింది. పెరెయాస్లావ్‌లో మిఖాయిలో సికోర్‌స్కీ పట్టుదలతో 1964లో దేశంలోనే తొలి ఆరుబయట మ్యూజియం తెరిచారు. కానివ్ జలాశయంలో మునిగిన ఊళ్ల కట్టడాలు కొన్ని తర్వాత అక్కడికి చేరాయి. కీవ్ శివార్లలోని పిరోహివ్ మ్యూజియం 1969లో ఏర్పడి 1976లో జనానికి తెరుచుకుంది. రకరకాల ప్రాంతాల హాతలను విప్పి తెచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టారు. విక్తోర్ సమొయిలోవిచ్ 1972లో ఉక్రెయిన్ జానపద గృహాల మీద, తమారా కొస్మినా 1980లో పొదిల్లియా ప్రాంతపు ఇళ్ల మీద రాసిన పుస్తకాలు ఇప్పటికీ ఆధారాలే. 1986లో చెర్నోబిల్ పేలాక ఖాళీ చేయించిన పొలీస్సియా ఊళ్లలోకి పరిశోధక బృందాలు వెళ్లాయి. ఇళ్లు, పాటలు, వస్తువులు, యాస, దొరికినదల్లా రాసుకున్నాయి. ప్రసిద్ధ కవయిత్రి లీనా కొస్తెంకో ఆ యాత్రల్లో పాల్గొన్నారు. మనుషులు వెళ్లిపోయిన ఇంటిని ఎలా చదవాలో ఈ దేశపు పరిశోధకులు నేర్చుకున్నది అక్కడే. ఆ విద్యే ఇప్పుడు మళ్లీ అవసరపడింది.

మంటల్లో, నీళ్లలో

యుద్ధం మొదలైన రెండు మూడు రోజుల్లోనే కీవ్‌కు ఉత్తరాన ఇవాన్‌కివ్ పట్టణంలో చిన్న స్థానిక మ్యూజియం తగలబడింది. ఆ పక్కనున్న బొలోత్న్యా పల్లెలో పుట్టి పెరిగిన చిత్రకారిణి మరియా ప్రిమచెంకో బొమ్మలు అందులో ఉండేవి. మంటల్లోంచి స్థానికులే కొన్నిటిని బయటికి లాగారు. ఆమె బొమ్మల్లోని పువ్వుల వెనక ఉన్నది పల్లెటూరి ఇంటి గోడే. దక్షిణాన పెత్రికివ్‌కా ఊరి చిత్రకళ కథా ఇంతే. హాత గోడల మీద, పీచ్ మీద ఆడవాళ్లు వేసిన పూల తీగలు కాగితం మీదికి దిగాయి. 2013లో యునెస్కో జాబితాలో చేరాయి. కాగితం మీది పువ్వుకు గుర్తింపు వచ్చింది గానీ, ఆ పువ్వు మొలిచిన గోడకు రాలేదు.

ఖేర్సన్ దగ్గర, నీపర్ ఎడమ ఒడ్డున ఓలెష్కీ అనే చిన్న పట్టణంలో పొలీనా రాయ్‌కో ఇల్లుంది. కూతురు ప్రమాదంలో పోయింది, మరుసటి ఏడు భర్త పోయాడు, కొడుకు జైలు పాలయ్యాడు. అప్పటిదాకా బొమ్మలు వేసిన అలవాటు లేని ఆమె, డెబ్బయ్యో పడికి చేరువలో చవక రకం ఎనామిల్ రంగులు కొనుక్కుని ఇంటి గోడలు, పైకప్పు, తలుపులు, గేటు అన్నీ బొమ్మలతో నింపేసింది. పక్షులు, దేవదూతలు, చచ్చిపోయిన తనవాళ్లు. 2004లో ఆమె చనిపోయింది. కళాకారులు కొందరు ఆ ఇంటిని ఫొటోలు తీసి, పుస్తకం వేసి, కాపాడుతూ వచ్చారు. 2023 జూన్ 6న కఖోవ్‌కా ఆనకట్ట బద్దలైనప్పుడు నీళ్లు ఆ ఇంట్లోకి చేరాయి. గోడల మీది బొమ్మల్లో చాలా భాగం పాడైపోయింది. ఆ పట్టణం రష్యా సైన్యం చేతిలో ఉండటంతో బాగుచేయగలిగినవాళ్లు వెళ్లే దారి లేదు. ముందే తీసిన ఫొటోలే ఇప్పుడు ఆ ఇంటికి దిక్కు. ఎవరో కొద్దిమంది, యుద్ధం వస్తుందని తెలియని రోజుల్లో, బాగుంది కాబట్టి తీసిన ఫొటోలవి.

ఖార్కివ్ ప్రాంతంలో ఇజియుమ్ పక్కనున్న కమియాంకా లాంటి ఊళ్లకు ఆ మాత్రం అదృష్టమూ లేదు. వెయ్యి మందికి పైగా బతికిన ఊరది. నెలల తరబడి ముందు వరసలో చిక్కుకుని, 2022 సెప్టెంబరులో రష్యా ఆక్రమణ నుంచి విముక్తి పొందే నాటికి దెబ్బ తగలని ఇల్లంటూ మిగల్లేదు. పొలాల్లో, పెరళ్లలో మందుపాతరలు. కొలటేపు పట్టుకుని గోడ చుట్టూ తిరగడం అనే అతి మామూలు పని అక్కడ ప్రాణాంతకం.

ఈ నేపథ్యంలో చూస్తే ‘ఓల్డ్ హాత ప్రాజెక్ట్’ పేరుతో అన్నా ఇల్చెంకో, స్వితలానా ఓస్లావ్‌స్కా చేస్తున్న పని విలువ తెలుస్తుంది. పూర్తిస్థాయి యుద్ధానికి ముందే మొదలుపెట్టి, ప్రాంతాలవారీగా పాత ఇళ్లను ఫొటోలు తీస్తూ, అందులో ఉండేవాళ్ల మాటలు రాసుకుంటూ వస్తున్నారు. మ్యూజియంలో హాత ఎప్పుడూ పండగరోజు ఇల్లులా ఉంటుంది. వీళ్లు చూపించేది బతికిన ఇల్లు. పాత పీచ్ పక్కన గ్యాస్ పొయ్యి, మట్టి గోడకు ఆనించిన ప్లాస్టిక్ కిటికీ, రేకుల కప్పు కింద వందేళ్ల దూలం. స్వచ్ఛమైన నమూనాల కోసం వెతికేవాళ్లకు ఇవి లోపాలుగా కనిపించవచ్చు. నాకు మాత్రం అవే అసలు సమాచారం అనిపిస్తుంది. ఒక కుటుంబం దేన్ని మార్చుకుంది, దేన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు అన్నది వాటిలోనే ఉంది.

ఫోన్ కొలిచేది, ఫోన్ కొలవలేనిది

2022 ఏప్రిల్‌లో ‘బ్యాకప్ ఉక్రెయిన్’ అనే కార్యక్రమం మొదలైంది. యుద్ధాల్లో సాంస్కృతిక సంపదను కాపాడే సంస్థ బ్లూ షీల్డ్ డెన్మార్క్ శాఖ, పాలీక్యామ్ అనే యాప్ చేసిన కంపెనీ కలిసి దీన్ని తెచ్చాయి. మామూలు ఫోన్‌తో కట్టడం చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే, యాప్ వాటిని కలిపి త్రీడీ నమూనా తయారుచేస్తుంది. ల్వివ్‌కు చెందిన స్కెయిరాన్ బృందం లేజర్ స్కానర్లతో పెద్ద కట్టడాలను మిల్లీమీటర్ల కచ్చితత్వంతో నమోదు చేస్తోంది. ఇది చిన్న సంగతి కాదు. తరానుషెంకో మనుషుల్ని పెట్టుకుని రోజుల తరబడి కొలిచినదాన్ని ఇప్పుడు గంటల్లో కొలవొచ్చు.

అయితే స్కానర్ గోడ పైపొరను చూస్తుంది. లోపల తడికె అల్లిందా, పచ్చి ఇటుక పేర్చిందా చెప్పదు. మట్టిలో ఎంత గడ్డి కలిపారో, చివరి పూతకు పేడ ఎంత పడిందో, సున్నంలో నీలం చుక్క ఎందుకు వేశారో చెప్పదు. ప్రిజ్బాకు ఈ రంగే ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగింది ఆ ఇంటి ముసలమ్మే. యుద్ధ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఫొటోతోపాటు ఫోన్ దాచుకునే స్థల వివరాలు శత్రువుకు ఉపయోగపడతాయి, దొంగలకూ ఉపయోగపడతాయి. నమోదు చేసినదాన్ని అందరికీ చూపించాలన్న కోరికకూ, ఆ ఊరివాళ్ల భద్రతకూ మధ్య ప్రతిసారీ తేల్చుకోవాల్సి వస్తుంది. నా మట్టుకు ఈ విషయంలో సందేహం లేదు. ఇంటి కంటే ఇంట్లో మనిషి ముందు. కచ్చితమైన చిరునామా బయటపెట్టకుండా కూడా ఇంటి కథ చెప్పొచ్చు.

ఇలా నమోదు చేసినవి పరిశోధకులకు మాత్రమే పనికొస్తాయనుకుంటే పొరపాటు. ఇల్లు పోయినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం 2023లో మొదలైంది. అదే ఏడాది యూరప్ మండలి చొరవతో హేగ్ నగరంలో ఉక్రెయిన్ నష్టాల రిజిస్టర్ ఏర్పడింది. 2024 నుంచి పౌరుల దరఖాస్తులు తీసుకుంటోంది. తాతల కాలం నాటి పల్లెటూరి ఇంటికి సరైన హక్కు పత్రాలు ఉండవు. వారసత్వంగా నోటిమాట మీద చేతులు మారినవి ఎన్నో. అలాంటి చోట తేదీ ఉన్న ఫొటో, గదుల కొలతలు, ‘ఇది ఫలానావాళ్ల ఇల్లు’ అని ఇరుగుపొరుగు చెప్పిన మాట, ఇవన్నీ దరఖాస్తుకు బలం చేకూర్చగలవు.

మళ్లీ కట్టేటప్పుడూ ఇదే అవసరం. చెర్నిహివ్ దగ్గర యాహిద్నే ఊళ్లో 2022 మార్చిలో 300 మందికి పైగా గ్రామస్థులను రష్యా సైనికులు దాదాపు నెలపాటు బడి నేలమాళిగలో బంధించారు. ఆ ఊరితో పాటు బొరొద్యాంకా, మొషున్, పొసాద్-పొక్రొవ్‌స్కె వంటి చోట్లను ప్రయోగాత్మకంగా పునర్నిర్మించే పని ప్రభుత్వం చేపట్టింది. తొందరలో కట్టే ఇళ్లకు ఒక ప్రమాదం ఉంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి, అది ఏ దేశమో కూడా తెలియదు. కీవ్‌లోని బల్బెక్ బ్యూరో ఆర్కిటెక్టులు దీనికి ఒక మార్గం ఆలోచించారు. పల్లెటూరి ఇళ్లను పరిశీలించి, కప్పు వాలు, కిటికీ చట్రాలు, గోడ అడుగు, రంగుల పద్ధతులు విడివిడిగా రాసుకుని, వాటితో కొత్త ఇల్లు ఎవరికి వాళ్లు కూర్చుకునే వీలున్న ఆన్‌లైన్ సాధనం తయారుచేశారు. ‘రిపేర్ టుగెదర్’ అనే యువ బృందం చెర్నిహివ్ పల్లెల్లో శిథిలాలు ఎత్తిపోయడం, ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. పాట పెట్టుకుని వందల మంది ఒకేసారి పనిలోకి దిగుతారు. తొలోకా పేరు వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు, కానీ అది చచ్చిపోలేదని చూపించారు.

మన వైపు నుంచి

2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆపరేషన్ గంగ ద్వారా సుమారు 22,500 మంది భారతీయులు ఉక్రెయిన్ నుంచి ఇల్లు చేరారు. వాళ్లలో ఖార్కివ్, జపొరిజ్జియా, విన్నిత్సా వైద్య విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఎందరో. ఆ పేర్లు మన జిల్లాల్లోని ఇళ్లలో రోజూ వినిపించిన రోజులవి. ఆ పిల్లలు బస్సుల్లో, రైళ్లలో సరిహద్దుల వైపు సాగిన దారి పొడవునా ఉన్నవి ఈ పల్లెలే.

మనకు యుద్ధం రాలేదు గానీ, జాబితాలో ఉన్నదీ లేనిదీ అన్న తేడా మాత్రం మనకు బాగా తెలుసు. శ్రీశైలం ప్రాజెక్టు కింద కృష్ణా, తుంగభద్ర ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు ఆలయాలను రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఎత్తైన చోట మళ్లీ నిలబెట్టారు. అలంపురంలో ఇవాళ మనం చూసే కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా వచ్చినదే. గర్వపడదగిన పని. ఆ ఆలయాల చుట్టూ ఉన్న మట్టిమిద్దెలను ఎవరు కొలిచారు? ఏ మట్టి ఎక్కడి నుంచి తెచ్చారో, మిద్దె కారకుండా పైన ఏం పరిచారో, ఆ ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి ఎవరు అడిగారు? పోలవరం ముంపు ఊళ్ల గురించి ఈ ప్రశ్న అడగడానికి ఇంకా కొంత వ్యవధి ఉంది. దివిసీమ చుట్టిళ్లు, కోనసీమ మండువా లోగిళ్లు ఎవరూ బాంబు వేయకుండానే తగ్గిపోతున్నాయి.

ఉక్రెయిన్‌లో ఇప్పుడు అన్నిటికన్నా అత్యవసరమని నాకు తోచే పనికి ఇల్లు ఎదురుగా ఉండక్కర్లేదు. దేశం లోపలే చెల్లాచెదురైనవాళ్లు లక్షల్లో ఉన్నారు, విదేశాలకు వెళ్లినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆక్రమణలో ఉన్న ఊళ్లకు పరిశోధకులు వెళ్లలేరు, కానీ ఆ ఊళ్ల ముసలివాళ్లు ల్వివ్‌లోనో, పోలండ్‌లోనో ఏదో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు తెల్ల కాగితం, పెన్సిలు పెట్టి, మీ ఇల్లు గీయండి అని అడగాలి. తలుపు ఎటు తెరుచుకునేది? పీచ్ ఏ మూల? దూలం మీద ఏం రాసి ఉండేది? ప్రిజ్బాకు ఏ రంగు, ఆ మట్టి ఏ వాగు దగ్గర తవ్వేవాళ్లు? ఈస్టర్ ముందు సున్నం ఎవరు కలిపేవాళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఫోన్లలో మిగిలిన పెళ్లి ఫొటోల్లో, పుట్టినరోజు వీడియోల్లో మనుషుల వెనక కనపడే గోడలను, కిటికీలను వేరుగా తీసి ఆ గీతల పక్కన పెట్టాలి. ఎనభై ఏళ్ల మనిషి జ్ఞాపకం మీద ఆధారపడే ఈ పనికి స్కానర్లతో పని లేదు, మందుపాతరల భయమూ లేదు. కావలసింది ఓపికగా అడిగేవాళ్లు. అదీ ఈ ఏడాదే, ఆ ముసలివాళ్లు ఉండగానే.